కట్టేసిన కాలవలో లండన్

ఆ వేసవిలో మా అమ్మ మార్తమ్మ దమస్కు, రోము, లండను మూడూళ్ళూ కాలినడకన తిరిగిందండీ. అబద్ధమైతే నా పేరు లీలావతే కాదు. పాస్‌పోర్టు లేదు, విమానం లేదు, మలికిపురంలో బస్సు కూడా ఎక్కలేదు. పైగా అప్పటికి ఆవిడ ఎడంకాలు ఎక్కడ పడుతోందో ఆవిడకే తెలిసేది కాదు. ఎలా తిరిగిందంటారా? చెప్తానుండండి.

అది పంతొమ్మిది వందల ఎనభై ఒకటి. మా నాన్న ఇస్సాకు మాస్టారు మా ఊరి మిషన్ హైస్కూల్లో సోషలు చెప్పేవారు. ఆయనకి పటాల పిచ్చి. దేశాల పటాలు కాదు, ఊళ్ళ పటాలు. ఢిల్లీలో ఏయే దేశాల ఆఫీసులున్నాయో చిరునామాలు సంపాదించి, నేనో పల్లెటూరి బడిపంతుల్ని, తమరి ఊరి వీధుల పటం ఒకటి దయచేయించండి అని ఇంగ్లీషులో వినయంగా ఉత్తరాలు రాసేవారు. పది రాస్తే మూడు పటాలొచ్చేవి. వాటిని ట్రంకు పెట్టెలో కలరా ఉండలేసి దాచేవారు. మా ఇంట్లో పట్టు చీరలకి కూడా అంత మర్యాద లేదు.

క్లాసులో కూడా అదే గొడవ. "ఏమ్మా రత్నం, నువ్విప్పుడు పారిస్‌లో నది ఒడ్డున నిలబడ్డావు. నదికి వీపు పెట్టేవు. సంగ్రహశాల ఎటు?" అనేవారు. పాపం ఆ పిల్ల "కుడి పక్కకండీ" అనేది. "కుడి పక్కకెళ్తే సాయంత్రం దాకా నడవాలమ్మా, కాళ్ళు నొప్పెడతాయి" అని దిగులుగా అనేవారు. ఆ దిగులు చూసి చాలామంది మాస్టారు ఈ ఊళ్ళన్నీ తిరిగొచ్చేరనే అనుకునేవారు. ఆయన మద్రాసు దాటి వెళ్ళింది లేదు. ఏదైనా ఊరిని బస్సులో చూస్తే చూసినట్టు కాదనీ, కాలికి తగలాలనీ ఆయన పట్టుదల.

అలాంటి మనిషికి ఆ జనవరిలో లండన్ నుంచి పిలుపొచ్చింది. అక్కడ పన్నెండు రోజులపాటు సోషలు పంతుళ్ళ సమావేశంట. దక్షిణాది నుంచి నలుగుర్ని ఎంచితే అందులో మా నాన్న ఒకరు. జూన్ ఇరవయ్యిన బొంబాయిలో విమానం. నాన్న ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని పెరట్లో కొబ్బరి చెట్ల మధ్య అటూ ఇటూ ఎంతసేపు తిరిగేరో! అన్నం చల్లారిపోతోందని అమ్మ పిలిస్తే, "వస్తున్నానే, వంతెన మీదున్నాను" అన్నారు.

అమ్మ ఊరుకుందా? పాస్టరమ్మ మరియమ్మ గారి దగ్గర అల్లిక నేర్చుకుని నెల తిరక్కుండా నీలం రంగు స్వెట్టరు అల్లేసింది. కుడి చెయ్యి కంటే ఎడం చెయ్యి వేలెడు పొడుగొచ్చింది. "చలికి ముడుచుకుంటుంది లెండి" అంది. నాన్న అమలాపురం వెళ్ళి నల్ల బూట్లు కొనుక్కొచ్చేరు. కిర్రు కిర్రుమనేవి.

ఫిబ్రవరి ఆఖర్లో ఒక ఆదివారం గుడి నుంచి వస్తూ అమ్మ గట్టు మీద కూలబడిపోయింది. పక్షవాతం. ఎడం చెయ్యి, ఎడం కాలు పడిపోయేయి. మాట నిలబడింది, అదే దేవుడి దయ. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచి పంపించేస్తూ డాక్టరు గారు ఒకటే చెప్పేరు. "మంచం మీదుంటే మంచమే గతి. రోజూ నడిపించండి. వర్షాకాలం లోపల ఎంత తిరిగొస్తే అంతే."

అమ్మ నడవనంది. అసలు మా అమ్మ నడకంటే ఊళ్ళో పేరండీ. తలెత్తుకుని, చేతులూపుకుంటూ, ఎవరో వెనకాల తరుముతున్నట్టు నడిచేది. చిన్నప్పుడు మా అమ్మమ్మతో కలిసి బాపిరాజు గారి చేలో ఊడ్పులకెళ్ళిన రోజుల్లో కూడా గట్టు మీద అందరికంటే ముందుండేదిట. ఆ బాపిరాజు గారి మేడ మా ఇంటి నుంచి బజారుకెళ్ళే గట్టు మీదే. పొద్దస్తమానం ఆయన అరుగు మీద పడక కుర్చీలో కూచుని వచ్చేపోయే వాళ్ళని పలకరిస్తూంటారు.

"ఆ అరుగు ముందు నుంచి కాలీడ్చుకుంటూ పోవాలా నేను? చంపినా పోను" అంది అమ్మ.

"పెరట్లో నడు."

"పెరడు పది బారలు లేదు. గానుగెద్దులా తిరగమంటారా?"

నాన్న మంచం పట్టె మీద కూచుని, "చూడు మార్తా. జూన్ ఇరవయ్యి నా ప్రయాణం. నువ్వు మంచంలో ఉంటే నేను వెళ్ళను. నువ్వు నడిస్తే వెళ్తాను. నా లండన్ నీ కాలి మీదుంది, నీ ఇష్టం" అన్నారు.

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందనుకున్నాను. తెల్లారేసరికి, "ఏవండీ, కాలవ ఎప్పుడు కడతారు?" అంది.

మా వేపు తెలీని వాళ్ళకి చెప్పాలి. దాళ్వా, అదే రెండో పంట, కోతలయ్యేక, ఏప్రిల్ ఆఖర్లో, గోదావరి కాలవలన్నిటికీ నీళ్ళు ఆపేస్తారు. కాలవ కట్టేరంటాం. మళ్ళీ జూన్‌లో వదిలే దాకా, నెలన్నర పాటు అడుగు బయటపడి ఎండుతుంది. గట్లకీ తూములకీ మరమ్మతులు చేసేది అప్పుడే. కాలవ అడుగున నిలబడితే గట్టు మీద వాళ్ళకి మనం కనపడం, అంచుకొచ్చి కావాలని తొంగిచూస్తే తప్ప. అమ్మ రాత్రంతా ఆలోచించుకున్నది అదన్నమాట.

కాలవ మీద తూములు ఎత్తి దించే లస్కరు బంగారయ్య, కాలవ కట్టేక ఓ పది రోజులాగి వచ్చి, "బురద ఆరిందండీ మాస్టారూ. లాకుల దాకా గట్టి నేలే. రేపు దింపేద్దారండి అమ్మగార్ని" అన్నాడు.

మా రేవుకి పదకొండు మెట్లు. అమ్మని పేము కుర్చీలో కూచోబెట్టి నాన్నా బంగారయ్యా చెరో పక్కా పట్టుకుని దింపేరు. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. కిందకి దిగేక తెరిచి పైకి చూసింది. రెండు పక్కలా గట్లు, కొబ్బరి తలలు, మధ్యలో ఆకాశం. మేడ కనపళ్ళేదు, అరుగు కనపళ్ళేదు. అమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అప్పుడు చూసింది నాన్న కాళ్ళవైపు.

"ఆ బూట్లేంటండీ, కాలవలో?"

"అలవాటు చేసుకోవద్దా? అక్కడికెళ్ళేక కరిస్తే ఎవరితో చెప్పుకోను?" అంటూ సంచిలోంచి పటం తీసేరు. "ఇవాళ ఇస్తాంబుల్. అదిగో, ఆ తూము దగ్గర్నించి వంతెన."

"నాకు ముక్కూ మొహం తెలీని ఊళ్ళో నడవలేను. దమస్కు తీయండి. బైబిల్లో ఉందని పాస్టరు గారు చెప్తారే, తిన్నని వీధని. నా కాలుకి అదైతే సుఖం."

సిరియా వాళ్ళు పంపిన పటం ఇంట్లో ఉండిపోయింది. పరిగెత్తుకెళ్ళి నేనే తెచ్చేను. నాన్న పెట్టిన నియమం ఒక్కటే. అక్కడెన్ని అడుగులో ఇక్కడా అన్నే అడుగులు, ఒక్కటి కూడా తగ్గించకూడదు. మొదటి రోజు అమ్మ నా భుజమ్మీద ఒక చెయ్యి, నాన్న భుజమ్మీద ఒక చెయ్యి వేసి ముప్ఫై రెండడుగులు నడిచి కూలబడింది. జాకెట్టంతా తడిసిపోయింది. నాన్న అక్కడో కొబ్బరి మట్ట పాతేరు. "రేపు దీన్ని దాటాలి. ఇంకా దమస్కు గుమ్మంలోనే ఉన్నాం" అన్నారు.

మర్నాడు నలభై. ఆ మర్నాడు నలభై ఒకటి, అమ్మకి కోపమొచ్చింది. వారం తిరిగేసరికి మట్ట తూము దాటింది. నాన్న పక్కన నడుస్తూ చెప్తూనే ఉండేవారు. ఇటు ఇత్తడి సామాన్ల కొట్లు, అటు సబ్బులమ్మే వాళ్ళు, పైన రేకుల కప్పు, కప్పుకి చిల్లులు, చిల్లుల్లోంచి ఎండ పడుతోంది, జాగ్రత్త, గాడిదొస్తోంది పక్కకి జరుగు అనేవారు. అమ్మ నిజంగా జరిగేది. "గాడిదలు లేని ఊరే లేదా ప్రపంచంలో" అని విసుక్కునేది.

మే నెల నడిమిలో, నాన్న స్కూలు పనిమీద వెళ్ళినప్పుడు, పోస్టులో ఆయన పేరిట ఒక ఉత్తరమొచ్చింది. లండన్ వాళ్ళదే. నేను ఆ ఏప్రిల్లోనే బి.ఏ. పరీక్షలు రాసొచ్చి ఖాళీగా ఉన్నాను. ప్రయాణం సంగతి కదా అని చింపేను. ఏముందంటే, మీరు మార్చి నెలలో రాసిన ఉత్తరం అందింది, మీ భార్య అనారోగ్యం వల్ల రాలేనన్నందుకు విచారిస్తున్నాం, మీరు చెప్పినట్టే మీ స్థానంలో కొత్తపేట పాపారావు గారిని పిలిచేం అని.

మళ్ళీ చదివేను. మార్చిలో! అంటే అమ్మ ఆసుపత్రిలో ఉండగానే రాసేసేరన్నమాట. నా లండన్ నీ కాలి మీదుందని మంచమ్మీద కూచుని చెప్పింది ఆ తర్వాత.

నాన్న వచ్చేసరికి వీధరుగు మీద కూచుని ఉత్తరం చేతికిచ్చేను. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

"ఇదేంటి నాన్నా? అమ్మ మీ ప్రయాణం కోసం చచ్చీ చెడీ నడుస్తోంది!"

"నెమ్మదిగా. నడవనీ."

"మోసం కాదా?"

"మోసమే." ఆయన బూట్లు విప్పుకుంటున్నారు. "ఆ డాక్టరు చెప్తే నడిచిందా? నేను బతిమాలితే నడిచిందా? ఆ లండన్ పేరు చెప్తే లేచింది. నీళ్ళొదిలే దాకా నోరు కట్టుకో లీలా. నీకు దణ్ణం పెడతాను."

"మీకు బాధ లేదా?" అన్నాను. అడక్కూడని మాటని అడిగేక తెలిసింది.

నాన్న చాలాసేపు బూటు లేసు చుడుతూ కూచున్నారు. "ఉత్తరం డబ్బాలో వేసేను. వేసేక చెయ్యి బయటికి రాలేదే. అలా లోపలే పెట్టుకు నిలబడిపోయేను. పోస్టుమాను వచ్చి, ఏం మాస్టారూ, ఏదైనా పడిపోయిందా అన్నాడు. లేదయ్యా అన్నాను." ఆయన చుట్టిన లేసు విప్పి మళ్ళీ చుట్టేరు. "ఇరవయ్యేళ్ళ నుంచి దాచుకున్న ఆశే తల్లీ. ఎక్కడికి పోతుంది?"

ఆ వారంలోనే నేను సర్టిఫికెట్ల కోసం అమలాపురం వెళ్తూంటే, నాన్న కాయితంలో చుట్టిన పొట్లం చేతిలో పెట్టేరు. నీలం స్వెట్టరు. బస్టాండులో పాపారావు గారు కలుస్తారు, ఇచ్చెయ్యమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ రెండు చేతులూ ఆడినప్పుడు చేసిన ఆఖరి పని అదండీ.

"నేను చూడకపోతే మానె. ఆవిడ అల్లిన స్వెట్టరన్నా చూస్తుంది లండన్" అన్నారు.

ఇచ్చేసొచ్చేను. పాపారావు గారు మంచాయనే, రెండు చేతులా తీసుకున్నారు. తిరిగొచ్చేక ఆయనే చెప్పేరు, పన్నెండు రోజులూ బస్సులోనే తిప్పేరట, దిగనివ్వలేదట.

వారం పోయేక ఒక మధ్యాన్నం అమ్మ మంచమ్మీంచి, "లీలా, ఎండ బాగుంది. ఆ స్వెట్టరు తీసి ఆరేసేవా?" అంది.

"ఆరేసి, మళ్ళీ పెట్లో పెట్టేసేనమ్మా" అన్నాను. తడుముకోకుండా చెప్పేనని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. అమ్మ ఊఁ అంది.

ఆ మర్నాటి నుంచీ అమ్మ మారిపోయింది. నాన్న చెప్పక ముందే, "దమస్కు చాలు, రోము తీయండి" అంది. రోములో చిక్కేంటంటే వీధులు వంకర. మా కాలవ తిన్నగా పోతుంది. ఎడం పక్కకి తిరగాలంటే ఎక్కడ తిరుగుతాం? "తిరిగేం అనుకో" అన్నారు నాన్న. "అనుకోవడమేంటి, తిరగాల్సిందే" అని అమ్మ పట్టుబట్టింది. అందుకని పటంలో మలుపొచ్చినప్పుడల్లా నిలబడి, ఒళ్ళంతా వెనక్కి తిప్పుకుని, వచ్చిన దారినే నడవాలి. అలా తిరగడమే ఆ జబ్బు మనిషికి అన్నిటికంటే కష్టం. రెండుసార్లు పడబోయింది. మూడోరోజుకి నా భుజమ్మీంచి చెయ్యి తీసేసింది. చేతికర్ర చాలంది.

అమ్మ ప్రశ్నలు కూడా ఎక్కువైపోయేయి. ఇక్కడ కూచోడానికి అరుగుల్లేవా? ఈ ఫౌంటెన్ నీళ్ళు తాగేవేనా? ఈ రాజుగారి విగ్రహం ఎటు చూస్తోంది? నాన్నకి తెలియని వాటికి కూడా నాన్న చేత చెప్పించేది. ఆయన చెప్తూ చెప్తూ ఒక్కోసారి మా ఇద్దర్నీ మర్చిపోయి ముందుకి నడిచెళ్ళిపోయేవారు, చెయ్యి ఊపుకుంటూ, కిర్రు కిర్రుమంటూ. అప్పుడు అమ్మ ఆగి ఆయన వీపు వంక చూసేది. ఆ చూపేంటో నాకు అప్పుడు బోధపడలేదు.

జూన్ మొదటి తారీఖున, "ఇక లండన్" అంది.

నాన్న పటం ఎంత నెమ్మదిగా విప్పేరో. మా రేవు దగ్గర వంతెన, అది దాటగానే పెద్ద గడియారం. గడియారం దాటి కుడివైపు ఆఫీసుల వీధి. దాని చివర సింహాల చౌకు, పావురాలు గుంపులుగా వాలే కూడలి. అక్కణ్ణించి పత్రికల వాళ్ళ వీధి మీదుగా పెద్ద గుమ్మటం గుడి. మొత్తం మైలున్నర పైనే. రోజుకో మజిలీ చొప్పున అమ్మ నడిచింది. సింహాల దగ్గరకి నాలుగోరోజుకి చేరింది. పడిపోయిన కొబ్బరి మొద్దు మీద కూచుని, "ఇన్ని పావురాలేంటండీ" అంది. నాన్న చప్పున తలతిప్పుకున్నారు.

తొమ్మిదో తారీఖు సాయంత్రం బంగారయ్య గట్టు మీంచి కేకేసేడు. "మాస్టారండీ! ఆనకట్ట దగ్గర నీళ్ళొదిలేరంటండీ. రేపు సాయంత్రానికి మనకొచ్చేస్తాయ్. రేపు పొద్దుటితో సరండి!"

"ఆయ్, గుడొక్కటే మిగిలింది, పొద్దున్నే ముగించేస్తాం" అన్నారు నాన్న.

పొద్దున్న ఆరింటికే దిగేం. వంతెన, ఆఫీసుల వీధి, సింహాలు, అన్నీ గబగబా దాటించేసింది అమ్మ. పత్రికల వాళ్ళ వీధి సగమయ్యేసరికి గట్టు మీద గోల వినిపించింది. జనం పరిగెడుతున్నారు. ముందు తడిమట్టి వాసనొచ్చింది. తర్వాత కనపడింది నీరు. నురగతో, ఎండుటాకుల్తో, కొబ్బరి డొక్కల్తో, చాప పరుచుకొస్తున్నట్టు నెమ్మదిగా మా వెనకాలే వస్తోంది. చెప్పిన దానికంటే ముందే వచ్చేసింది.

ముంచేసే నీళ్ళు కావండీ, మడమ లోతు. కానీ నిమిషానికో వేలు పెరుగుతుంది. అడుగు మెత్తబడితే అమ్మ కాలు నిలవదు. కుర్చీ మా రేవులో ఉండిపోయింది. బంగారయ్య లాకుల దగ్గరున్నాడు. దగ్గర్లో ఉన్న రేవు ఒకటే, బాపిరాజు గారి మేడ ముందు రేవు.

ఆ రేవు పైన ఊరు ఊరంతా ఉంది. కొత్తనీళ్ళు చూడ్డానికి, పసుపూ కుంకుమా జల్లడానికి ఆడవాళ్ళు, పిల్లలు, అందరికీ ముందు బాపిరాజు గారు. అమ్మ ఆ మెట్ల వంక చూసింది. తొమ్మిది మెట్లు.

"ఎత్తుకుంటాను మార్తా" అన్నారు నాన్న.

"వద్దు. పట్టుకోకండి ఎవరూ."

కర్ర నాకిచ్చేసింది. కుడి చెయ్యి గోడకి ఆనించింది. కుడికాలు పైకి, ఎడంకాలు దాని పక్కకి. మళ్ళీ కుడికాలు. పైన మాటలాగిపోయేయి. నాన్న పడితే పట్టుకోడానికి కింద మెట్టు మీద చేతులు చాపి నిలబడ్డారు. నీళ్ళు ఆయన బూట్లలోకి వచ్చేసేయి. ఆయన చూసుకోలేదు. అయిదో మెట్టు మీద అమ్మ ఆగింది. ఆవిడ మోకాలు వణకడం చీరలోంచి తెలుస్తోంది. నేను ప్రభువా ప్రభువా అనుకుంటున్నాను. ఆరు. ఏడు. ఎనిమిది. పైకొచ్చేసింది. తలెత్తి నిలబడింది.

"ఏవమ్మా మార్తమ్మా!" అన్నారు బాపిరాజు గారు, నిజంగానే సంతోషంగా. "లేచి తిరిగేస్తున్నావే! ఇంకేం, మాస్టారు నిశ్చింతగా లండన్ వెళ్ళొచ్చు. ఎప్పుడు ప్రయాణం?"

నేను నాన్న వంక చూసేను. నాన్న తడిసిన బూట్ల వంక చూసుకున్నారు.

అమ్మ ఊపిరి కూడదీసుకుంది. "వెళ్ళేమండీ" అంది. "ఇద్దరం వెళ్ళేం. గుడొక్కటి చూడ్డం మిగిలిపోయింది. రేపు ఈ గట్టు మీంచే వెళ్తాం."

బాపిరాజు గారు హాస్యమనుకుని పెద్దగా నవ్వేరు. అందరూ నవ్వేరు. నాన్న మాత్రం గిరుక్కున కాలవ వేపు తిరిగిపోయేరు. సింహాల చౌకు అప్పటికే మునిగిపోయింది. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే ఉన్నారు.

ఆ సాయంత్రం నేను పొయ్యి దగ్గరున్నాను. అమ్మ గడప మీద కూచుని చిక్కుడుకాయలు ఒంటిచేత్తో ఈనెలు తీస్తోంది. నాన్న అరుగు మీద బూట్లలో పాత పేపర్లు కుక్కుతున్నారు. ఆ చప్పుడు వినిపిస్తోంది.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?" అన్నాను మెల్లిగా.

"నువ్వు అమలాపురం నుంచొచ్చిన మర్నాడు. మీరిద్దరూ ఇంట్లో లేరు. స్వెట్టర్లో కలరా ఉండలు కరిగిపోయేయేమో చూద్దామని లేచేను. మంచం దగ్గర్నించి పెట్టె దాకా. పన్నెండడుగులు. ఎవరూ పట్టుకోకుండా నేనొక్కదాన్నే నడిచిన మొదటిరోజు అదేనే. మూత తీసేసరికి స్వెట్టరు లేదు." అమ్మ ఒక కాయ తీసి, చూసి, పక్కన పడేసింది. "నడిచేనని మీకు చెప్పుకుందామంటే, ఎందుకు లేచేనో చెప్పాలి కదా. ఊరుకున్నాను. ఏమో, తప్పు తలిచేనేమో అనుకుని నిన్నడిగేను. ఆరేసేనన్నావు."

నాకు ఏడుపొచ్చేసింది. "మరి తెలిసీ ఎందుకు నడిచేవు? చెప్పెయ్యొచ్చు కదా!"

"చెప్తే మీ నాన్న ఆ బూట్లు మళ్ళీ వేసుకుంటారా? పెట్లోంచి ఆ పటం తీస్తారా?" అంది అమ్మ. "నేను నడిస్తేనే కదే ఆయనకి లండన్. వేరే ఏముంది పాపం."

అరుగు మీద పేపరు చప్పుడు ఆగిపోయింది. నాన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో ఒక బూటుంది.

"మార్తా, నాకు చాలా చూడాలనుండేదే" అన్నారు. చిన్న పిల్లాడు చెప్పినట్టు చెప్పేరు.

"నాకు తెలీదా?" అంది అమ్మ. ఇంకో కాయ ఈనె తీసి, "ఆ స్వెట్టరు ఎవరికిచ్చేరో గానీ, ఎడం చెయ్యి మడతపెట్టుకోమని చెప్పేరా?" అంది.

మర్నాడు నాకు మెలకువొచ్చేసరికి కాలవ నిండా నీళ్ళు, ఎర్రగా. అమ్మ అప్పటికే తలదువ్వుకుని, గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, కర్రతో గట్టు మీద నిలబడి ఉంది. బజారుకెళ్ళే వాళ్ళు పలకరిస్తున్నారు. పటం ఆవిడ చంకలోనే ఉంది. నాన్న అరుగు మీద కూచుని, ఇంకా తడారని బూట్లలోకి కాళ్ళు దూరుస్తున్నారు, దూరట్లేదు.

"రండి రండి" అని కేకేసింది అమ్మ. "మీరొచ్చేసరికి గుడి తలుపులు వేసేస్తారు."